ఫొటోలో పెట్టిన 3డీ వస్తువు అతికించినట్టు ఎందుకు కనబడుతుంది?

కంప్యూటర్లో తయారుచేసిన ఒక స్టీల్ వాటర్ బాటిల్ బొమ్మను ఊహించుకోండి. విడిగా చూస్తే వంక పెట్టడానికి లేదు. మూత మీది సన్నటి గీతలు, స్టీలు మెరుపు, లేబుల్ మీది అక్షరాలు అన్నీ కుదిరాయి. ఇంకోపక్క కిటికీ దగ్గర చెక్క బల్లను తీసిన చక్కటి ఫొటో ఉంది. దేనికదే బాగుంది. ఒకదాంట్లో ఒకటి పెట్టగానే ఎక్కడో తేడా కొడుతుంది. బాటిల్ బల్ల మీద కూర్చోలేదు, ఫొటో మీద కూర్చుంది.

ఒకప్పుడు ఈ తలనొప్పి 3డీ ఆర్టిస్టులకే పరిమితం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మేవాళ్లందరికీ ఇలాంటి బొమ్మలు కావాలి. ఒక్క క్లిక్కుతో ఏ వస్తువునైనా ఏ నేపథ్యంలోనైనా పెట్టేస్తామంటూ ఏఐ టూల్స్ వరసకట్టాయి. దాంతో "ఎందుకిలా నకిలీగా ఉంది?" అన్న ప్రశ్న కూడా చాలామందికి ఎదురవుతోంది. మామూలుగా వచ్చే జవాబు "లైటింగ్ సరిపోలేదు" అని. అందులో నిజం సగమే. ఫొటో తీసిన క్షణంలోనే కెమెరా ఎక్కడుంది, వెలుతురు ఎటునుంచి పడింది, రంగు ఎలా నమోదైంది అన్నవన్నీ తేలిపోయాయి. రెండర్, అంటే మన కంప్యూటర్ బొమ్మ, వాటన్నిటికీ తలొగ్గాలి. అక్కడితో అయిపోదు. ఆ వస్తువు నిజంగా అక్కడ ఉండి ఉంటే ఫొటోలో ఏం మారేదో ఆ మార్పు కూడా కనబడాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఏ పొరపాటును కన్ను ఇట్టే పట్టేస్తుంది, దేన్ని చూసీచూడనట్టు వదిలేస్తుంది అన్నదగ్గరే అసలు చిక్కు.

ముందు కొన్ని మాటలు

3డీ మోడల్‌కు వెలుతురు, కెమెరా జోడించి సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి ఇచ్చే బొమ్మ రెండర్. దాన్ని పెట్టబోయే ఫొటోను ఈ పనిలో ఉన్నవాళ్లు బ్యాక్ ప్లేట్ అంటారు. రెండింటినీ ఒకే చిత్రంగా కలపడం కాంపోజిటింగ్. రెండర్‌లో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతోపాటు నాలుగోది ఒకటి ఉంటుంది. ఆ పిక్సెల్‌ను వస్తువు ఎంత మేర కప్పింది అన్నది అది చెబుతుంది. అదే ఆల్ఫా. కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు ఎడ్విన్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ 1970ల చివర్లో ఈ ఆలోచన తెచ్చారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ దానికి గణితం సమకూర్చారు. ఇవాళ్టి ఫొటో ఎడిటర్లలో ఒక లేయర్ మీద ఇంకో లేయర్ పడుతోందంటే నడుస్తున్నది ఆ లెక్కే.

ఇంకో తేడా కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఫర్నిచర్ సంస్థ ఐకియా క్యాటలాగ్‌లో 2006లో ఒక చెక్క కుర్చీతో మొదలైన కంప్యూటర్ బొమ్మలు 2014 నాటికి వస్తువుల చిత్రాల్లో నాలుగింట మూడు వంతులకు చేరాయని ఆ సంస్థవాళ్లే చెప్పారు. అయితే గది మొత్తం 3డీలోనే కడితే కెమెరా ఒకటే, వెలుతురు ఒకటే. అన్నీ ఒకే లెక్కకు లోబడి ఉంటాయి కాబట్టి పొసగకపోవడమన్న సమస్యే రాదు. గది నిజమైన గదిలా అనిపించేలా చేయడమే అక్కడ కష్టం. ఫొటోలో పెట్టేటప్పుడు ఇది తిరగబడుతుంది. గది ఎలాగూ నిజమైనదే, దానితో వస్తువుకు పొత్తు కుదర్చడమే పని.

రెండు కెమెరాలు ఒకే చోట నిలబడాలి

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది, అందరూ చివరికి వెతికేదీ ఇక్కడే. రంగు, నీడ, మెరుపు అన్నీ గంటలకొద్దీ సవరించాక కూడా బాటిల్ కుదురుకోకపోతే చాలాసార్లు కారణం అది వేరే ఎత్తునుంచి చూసిన బాటిల్ కావడమే.

ఒక చిన్న సూత్రం ఉంది. సమతలమైన బల్ల మీద, కెమెరా ఎంత ఎత్తులో ఉందో సరిగ్గా అంత ఎత్తున్న వస్తువుల తలలన్నీ ఫొటోలో హొరైజన్ గీతనే, అంటే కెమెరా ఎత్తును చూపే ఊహా గీతనే, తాకుతాయి. దగ్గరున్నా అంతే, దూరంగా ఉన్నా అంతే. మన ఫొటోలో కెమెరా బల్లకు 40 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. బాటిల్ ఎత్తు 25 సెంటీమీటర్లు. అంటే బల్ల మీద ఎక్కడ పెట్టినా బాటిల్ మొత్తం హొరైజన్ గీతకు కిందే ఉండాలి, మూత పైభాగం మనకు కనబడాలి.

ఎంత కనబడాలి? బాటిల్ కెమెరాకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే మూత కెమెరాకన్నా 15 సెంటీమీటర్లు కింద ఉంది. దాదాపు 10.6 డిగ్రీల వాలుగా చూస్తున్నామన్నమాట. గుండ్రటి మూత ఫొటోలో అండాకారంగా కనబడుతుంది. దాని నిలువు కొలత అడ్డం కొలతలో సుమారు 18 శాతం. బాటిల్ అడుగు కెమెరాకు 40 సెంటీమీటర్లు కింద ఉంది, చూపు వాలు 26.6 డిగ్రీలు, అక్కడి అండాకారం సుమారు 45 శాతం. పైన చదునుగా, కింద బొద్దుగా. ఒకే బాటిల్‌లో ఈ రెండు వంపుల మధ్య తేడాయే కెమెరా ఎక్కడుందో చెప్పేస్తుంది.

క్యాటలాగ్ కోసం చేసే రెండర్లలో కెమెరాను సాధారణంగా వస్తువు నడుము ఎత్తున పెడతారు. అలా అయితే వస్తువు హుందాగా కనబడుతుంది. అంటే ఇక్కడ 12 సెంటీమీటర్ల ఎత్తున. ఆ రెండర్‌లో మూత కెమెరాకు పైన ఉంది కాబట్టి దాని అంచు పైకి వంగిన విల్లులా ఉంటుంది, మూత పైభాగం అసలు కనబడదు. దీన్ని తెచ్చి మన ఫొటోలో పెడితే బల్లేమో "పైనుంచి చూస్తున్నావు" అంటుంది, బాటిలేమో "నా నడుముకు ఎదురుగా ఉన్నావు" అంటుంది. ఏ రంగుల సవరణా ఈ తగవు తీర్చలేదు. మళ్లీ రెండర్ చేయాల్సిందే.

తర్వాతిది లెన్స్. వైడ్ లెన్స్ పర్‌స్పెక్టివ్‌ను, అంటే దగ్గరివి పెద్దగా, దూరంవి చిన్నగా కనబడే తీరును, మార్చేస్తుందని చాలామంది అంటారు. నిజానికి పర్‌స్పెక్టివ్‌ను నిర్ణయించేది కెమెరా నిలబడ్డ చోటు. లెన్స్ తేల్చేది ఆ చోటునుంచి ఎంత మేర ఫ్రేమ్‌లోకి వస్తుందన్నదే. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద 35 మి.మీ. లెన్స్ అడ్డంగా సుమారు 54 డిగ్రీలు చూస్తుంది, 50 మి.మీ. దాదాపు 40 డిగ్రీలు. 3డీ సాఫ్ట్‌వేర్‌లో కూడా అదే కోణం, అదే చోటు ఇస్తేనే రెండు కెమెరాలు ఏకమవుతాయి. లెన్స్‌కు చెప్పే ఈ మి.మీ. కొలతే ఫోకల్ లెంగ్త్. అది ఫొటో ఫైలులో కెమెరా రాసిపెట్టే ఎగ్జిఫ్ సమాచారంలో ఉండొచ్చు. నెట్‌లో కొన్న ఫొటోల్లో చాలాసార్లు అది చెరిగిపోయి ఉంటుంది.

అప్పుడు బల్ల అంచులే దిక్కు. వాస్తవంలో సమాంతరంగా ఉండే అంచులు ఫొటోలో ఏ బిందువు వైపు కలుసుకుంటున్నాయో గీసి చూస్తే, అలాంటి రెండు బిందువుల నుంచి కెమెరా కోణాన్ని, ఫోకల్ లెంగ్త్‌ను రాబట్టొచ్చు. ఉచితంగా దొరికే ఎఫ్‌స్పై లాంటి టూల్ చేసేది ఇదే. దీనికి మూడు పరిమితులున్నాయి. ఫొటోలో నలుచదరపు వస్తువేదో ఉండాలి. ఇసుక, గడ్డి మాత్రమే ఉన్న ఫొటోలో ఈ లెక్క సాగదు. రెండోది, ఇలాంటి లెక్కల్లో మామూలుగా ఫొటో నడిబొడ్డునే లెన్స్ నడిబొడ్డుగా అనుకుంటారు. ఎవరో ఫొటోను ఒక పక్కకు క్రాప్ చేసి ఉంటే ఆ ఊహ దెబ్బతింటుంది. మూడోది, ఒక్క ఫొటోనుంచి నిష్పత్తులు తెలుస్తాయిగానీ సెంటీమీటర్లు తెలియవు. కెమెరా 40 సెంటీమీటర్ల ఎత్తున ఉందని తేల్చాలంటే ఫొటోలో కొలత తెలిసిన వస్తువు ఒక్కటైనా ఉండాలి. అది లేనప్పుడు బాటిల్ సైజు ఆర్టిస్ట్ ఇష్టం. అర లీటరు బాటిల్ లీటరు బాటిల్‌లా కనబడి కొన్నవాళ్లు గొణుక్కోవడానికి ఒక దారి ఇదే.

ఫోకస్ సంగతి రెండు మాటల్లో. బాటిల్ స్పష్టంగా ఉంటే దాని అడుగున్న చెక్క కూడా స్పష్టంగా ఉండాలి. దూరంగా ఉన్న చెట్టు మీద ఫోకస్ చేసి, ముందున్న బల్ల మసకబారిన ఫొటోలో ఎంత గొప్ప రెండర్ పెట్టినా నిలవదు. అలాంటి ఫొటోను వదులుకోవడం మేలు.

ఫ్రేమ్ బయట ఉన్న ప్రపంచం

కెమెరా కుదిరాక వెలుతురు. ఎటునుంచి వస్తోంది, ఎంత వెడల్పైన చోటునుంచి వస్తోంది, ఏ రంగులో ఉంది అన్న మూడింటికీ ఆధారాలు ఫొటోలోనే దొరుకుతాయి. నీడల దిక్కు, వాటి అంచుల మెత్తదనం, మెరుపు చుక్కల ఆకారం చూస్తే చాలావరకు ఊహించవచ్చు. మట్టి కుండలాంటి మెరుపులేని వస్తువుకు ఆ ఊహ సరిపోతుంది. అలాంటి ఉపరితలం నాలుగు దిక్కుల వెలుతురునూ కలిపి సగటు చేసేస్తుంది కాబట్టి చిన్నచిన్న తేడాలు బయటపడవు.

స్టీలు అలా కాదు. నున్నటి గుండ్రటి స్తంభం మీద వంపు ఒక చివర్నుంచి ఇంకో చివరికి 180 డిగ్రీలు తిరుగుతుంది. అద్దంలా ప్రతిఫలించేటప్పుడు కోణం రెట్టింపవుతుంది. అంటే ఆ బాటిల్ ముఖం మీద దాదాపు 360 డిగ్రీల చుట్టుపక్కలంతా సన్నటి నిలువు చారలుగా నలిగి కనబడుతుంది. కిటికీ, ఎదుటి గోడ, కెమెరా, దాని వెనక నిలబడ్డ మనిషి, అన్నీ. మన ఫొటో 50 మి.మీ. లెన్స్‌తో తీసిందనుకుంటే అది చూపిస్తున్నది అందులో 40 డిగ్రీలే. మిగతా 320 డిగ్రీల్లో ఏముందో ఫొటో చెప్పదు. స్టీలు, క్రోమ్, గాజు వస్తువులు అందరినీ ఏడిపించేది ఇందుకే.

దీనికి గట్టి సమాధానం 1998లో గ్రాఫిక్స్ పరిశోధకుడు పాల్ డెబెవెక్ ఇచ్చారు. వస్తువును పెట్టబోయే చోట అద్దంలా మెరిసే గోళాన్ని ఉంచి, తక్కువ ఎక్స్‌పోజర్ నుంచి ఎక్కువ ఎక్స్‌పోజర్ దాకా వరసగా ఫొటోలు తీసి, వాటిని కలిపి ఆ చోటికి వచ్చే వెలుతురు మొత్తాన్ని ఒక చిత్రంగా మార్చారు. ఇదే హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) వెలుతురు చిత్రం. ఆ చిత్రాన్నే దీపంగా వాడి రెండర్ చేయడం ఇప్పుడు ప్రతి 3డీ సాఫ్ట్‌వేర్‌లోనూ మామూలు విషయం.

అన్ని ఎక్స్‌పోజర్లు ఎందుకు? మామూలు జేపెగ్ ఫొటోలో తెలుపుకు గరిష్ఠ విలువ 255. తెల్ల కాగితమూ 255 దగ్గరే ఆగుతుంది, సూర్యబింబమూ అక్కడే ఆగుతుంది. వాస్తవంలో సూర్యబింబం పక్కనున్న నీలాకాశంకన్నా లక్ష రెట్లకు పైగా ప్రకాశవంతం. మామూలు పనోరమా ఫొటోను దీపంగా వాడితే ఆ తేడా మాయమై, ఎండలో పెట్టిన వస్తువు కూడా మబ్బుపట్టిన రోజున పెట్టినట్టు చప్పగా, నీడ లేకుండా వస్తుంది. "హెచ్‌డీఆర్ పెట్టినా నీడ రావడం లేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు సూర్యుడి దగ్గర తెగిపోయిన ఇలాంటి ఫైలే ఉంటుంది.

రంగు కూడా ఒక్కటి కాదు. వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపు. కిటికీ నుంచి వచ్చే పగటి వెలుతురు 5500 కెల్విన్ దగ్గరో అంతకు పైనో ఉంటుంది, గదిలో పసుపు బల్బు 2700 నుంచి 3000 దాకా. ఒకే బాటిల్‌కు ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వెచ్చగా రంగు పడాలి. చివర్లో మొత్తం బాటిల్ మీద ఒక ఫిల్టర్ వేస్తే ఈ రెండు పక్కల తేడా రాదు.

గాజు సీసాలది ఇంకో రకం పేచీ. ఆల్ఫా చెప్పగలిగేది నేరుగా వెనకున్న పిక్సెల్ ఎంత కనబడాలన్నంతే. నీళ్లు నిండిన గాజు సీసా వెనకున్న దృశ్యాన్ని వంచుతుంది, ఎడమా కుడీ తారుమారు చేస్తుంది. ఆ వంపును ఆల్ఫా మోయలేదు. బ్యాక్ ప్లేట్‌ను 3డీ దృశ్యంలోకే తెచ్చి గాజు వెనక నిలబెట్టి రెండర్ చేస్తేనే అది కనబడుతుంది.

నీడ: బల్లకు బాటిల్ తిరిగి ఇచ్చేది

1997లో మనిషి చూపు మీద పరిశోధించే డేనియల్ కెర్స్టెన్, అతని సహచరులు ఒక ప్రయోగం చూపించారు. ఒక పెట్టెలో బంతి కదులుతుంటుంది. బంతి దారి రెండు దృశ్యాల్లోనూ అచ్చంగా ఒకటే, నీడ దారి మాత్రం వేరు. నీడ బంతిని అంటిపెట్టుకుని ఉంటే బంతి నేల మీద వెనక్కి వెళ్తున్నట్టు కనబడుతుంది. నీడ విడిపోతే బంతి గాల్లోకి లేస్తున్నట్టు అనిపిస్తుంది. వస్తువు ఎక్కడుందో కన్ను తేల్చుకునేటప్పుడు నీడ మాటకు అంత విలువిస్తుంది.

నీడలో రెండు భాగాలున్నాయి. బాటిల్ అడుగు బల్లను తాకే చోట వెలుతురు దూరలేని సన్నటి నల్లని గీత ఒకటి. కాంటాక్ట్ షాడో అనేది దీన్నే. ఫొటోలో ఇది కొన్ని పిక్సెళ్లే, అయినా బాటిల్ కూర్చుందా తేలుతోందా అన్నది ఎక్కువగా తేలేది ఇక్కడే. ఫొటో ఎడిటర్‌లోని డ్రాప్ షాడో నకిలీగా కనబడేది కూడా ఇందుకే. అది బొమ్మ ఆకారాన్నే కాస్త జరిపి అంతటా ఒకే మేర మసకబార్చి కింద వేస్తుంది. అసలు నీడ వస్తువును తాకే చోట పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది.

ఎంత మెత్తగా అన్నదానికీ లెక్క ఉంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. దాంతో నీడ అంచు వెడల్పు, నీడ వేసే అంచునుంచి ఉన్న దూరంలో దాదాపు 107వ వంతు ఉంటుంది. ఎండ 30 డిగ్రీల ఎత్తునుంచి పడుతుంటే 25 సెంటీమీటర్ల బాటిల్ నీడ బల్ల మీద సుమారు 43 సెంటీమీటర్లు సాగుతుంది. మూత నుంచి నీడ కొసకు దూరం 50 సెంటీమీటర్లు. అక్కడ నీడ పక్క అంచు అర సెంటీమీటరు మేర మసకబారుతుంది. బాటిల్ అడుగున ఆ మసక సున్నా. అదే వెలుతురు రెండు మీటర్ల దూరంలో ఉన్న మీటరు వెడల్పు కిటికీ నుంచి, నేరుగా ఎండ లేకుండా వస్తే నిష్పత్తి 107వ వంతు కాదు, సగం. పది సెంటీమీటర్ల దూరానికే అయిదు సెంటీమీటర్ల మసక. ఆ బల్ల మీద పదునైన పొడవాటి నీడ కనబడిందంటే అది అబద్ధమే.

ఈ నీడను ఫొటోలోకి ఎలా తేవాలన్నదానికి డెబెవెక్ పద్ధతే పునాది. బల్లకు ఉజ్జాయింపుగా ఒక 3డీ నమూనా చేసి రెండు రెండర్లు తీస్తారు, ఒకటి బాటిల్‌తో, ఒకటి బాటిల్ లేకుండా. రెండింటికీ ఉన్న తేడాను ఫొటోకు కలుపుతారు. ఒక చోట ఫొటోలో చెక్క వెలుతురు విలువ 0.40 అనుకుందాం. నమూనా బల్ల బాటిల్ లేకుండా 0.44, బాటిల్ ఉంటే 0.22 ఇచ్చింది. తేడా మైనస్ 0.22. ఫొటోలో ఆ చోట 0.18 మిగులుతుంది. తేడాకు బదులు నిష్పత్తి తీసుకుంటే 0.22ని 0.44తో భాగిస్తే సగం, కాబట్టి 0.20. రెండూ దగ్గరదగ్గరే. పక్కనే చెక్కలోని నల్లటి చార ఉంది, దాని విలువ 0.10. తేడా పద్ధతిలో అది మైనస్ 0.12 అవుతుంది. మైనస్ వెలుతురు ఉండదు కాబట్టి శుద్ధ నలుపుగా తెగిపోతుంది. నిష్పత్తి పద్ధతిలో 0.05 వచ్చి చార నీడలోనూ నిలుస్తుంది. గరుకు చెక్క మీద పడే నీడకు నిష్పత్తి, నున్నటి బల్ల మీద పడే ప్రతిబింబానికి తేడా బాగా నప్పుతాయి. ఎందుకంటే నీడ ఉన్న వెలుతురును తగ్గిస్తుంది, ప్రతిబింబం లేని వెలుతురును తెస్తుంది. సాఫ్ట్‌వేర్లలో షాడో క్యాచర్ అనే సదుపాయం ఈ ఆలోచనకు వారసురాలే.

ఒక ఉచ్చు ఉంది. కిటికీ చట్రం నీడ ఫొటోలో అప్పటికే బల్ల మీద పడి ఉందనుకోండి. బాటిల్ నీడ దాని మీదుగా వెళ్తే చాలా కాంపోజిట్లలో ఆ చోటు రెండింతలు నల్లబడుతుంది. చట్రం అప్పటికే అడ్డుకున్న ఎండను బాటిల్ మళ్లీ అడ్డుకోవడం కుదరదు. అక్కడ బాటిల్ నీడ దాదాపు కనబడకూడదు. నీడలు కలిసే చోట చూస్తే చేసినవాళ్ల ఓపిక తెలిసిపోతుంది.

సగం వెలుతురు అంటే సగం అంకె కాదు

పైన 0.40, 0.18 అని రాసినవి జేపెగ్ అంకెలు కావు, వెలుతురు పరిమాణాలు. ఫొటో ఫైలులో ఉండే 0 నుంచి 255 వరకు అంకెలు వెలుతురుకు నేరుగా అనుపాతంలో ఉండవు. మన కన్ను నీడల్లోని తేడాలను బాగా పట్టుకుంటుంది కాబట్టి, వాటికి ఎక్కువ అంకెలు కేటాయించేలా, మామూలు ఫొటోలు వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలో ఒక వంపు పెట్టారు.

ఒక పిక్సెల్ 200 ఉంది. దాని మీద పడే వెలుతురులో సగాన్ని బాటిల్ అడ్డుకుంది. కొత్త విలువ ఎంత? 100 అనాలనిపిస్తుంది. 200ను ఆ వంపు ప్రకారం వెలుతురులోకి మారిస్తే సుమారు 0.58. సగం 0.29. తిరిగి అంకెలోకి మారిస్తే 146. అంటే సరైన జవాబు 146. నేరుగా 100 పెట్టామంటే వెలుతురులో 22 శాతమే మిగిలిందని చెప్పినట్టు. నీడలు బొగ్గు పూసినట్టు వచ్చే కాంపోజిట్లలో చాలావాటి వెనక ఈ ఒక్క లెక్కే ఉంది. అందుకే సినిమా పనిలో అన్నీ లీనియర్ వెలుతురులో, అంటే వంపు లేని అసలు వెలుతురు విలువల్లో, కలిపి చివర్లో వంపు వేస్తారు. 2003లో సినిమా ఎఫెక్ట్స్ సంస్థ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ బయటకు విడుదల చేసిన ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ ఫైలు రకం ఈ లీనియర్ విలువలను మోసుకెళ్లేందుకే.

ఇక్కడే ఇంకో గందరగోళం. కెమెరా తీసిన జేపెగ్‌లో కంపెనీ వేసిన కాంట్రాస్ట్ వంపు అప్పటికే ఉంటుంది. బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లో 2017లో ఫిల్మిక్, 2023లో ఎజిఎక్స్ అనే వంపులు వచ్చాయి. రెండర్‌లోని మితిమీరిన వెలుతురును ఫిల్ములా మెత్తగా అణచడం వాటి పని. రెండర్‌కు అవి మేలే చేస్తాయి. అదే దృశ్యంలో బ్యాక్ ప్లేట్‌ను కూడా పెట్టి అదే వంపు గుండా పంపితే ఫొటోకు రెండోసారి వంపు పడి తెల్లలు బూడిదరంగుకు దిగిపోతాయి. ఫొటో ఎందుకు వెలిసిపోయిందని తల పట్టుకునేవాళ్లకు కారణం ఇదే. ఫొటోను లోపలికి తెచ్చేటప్పుడు ఆ వంపును తలకిందులుగా వేయడం, లేదా రెండర్‌ను విడిగా తీసి ఫొటో వంపుకు దగ్గరగా తెచ్చి కలపడం, రెండు దారులూ వాడుకలో ఉన్నాయి. మొదటిది లెక్కకు శుభ్రం, రెండోది చేతికి సులువు.

అంచులు, ఇసకరేణువులు, నలుపు

బాటిల్ చుట్టూ సన్నటి నల్లని గీత వచ్చిందంటే అది ఆల్ఫా తగాదా. కొన్ని ఫైళ్లలో రంగును ముందే ఆల్ఫాతో గుణించి దాస్తారు, కొన్నిటిలో గుణించకుండా ఉంచుతారు. అంచు పిక్సెల్‌లో రంగు 0.8, ఆల్ఫా 0.5 అయితే గుణించిన ఫైలులో 0.4 ఉంటుంది. దాన్ని గుణించనిదిగా పొరబడిన ప్రోగ్రామ్ మళ్లీ గుణిస్తే 0.2 అవుతుంది. సగం వెలుతురు పోయి నల్లంచు మిగులుతుంది. ఎరేజర్‌తో ఆ గీతను చెరపడానికి కూర్చునేవాళ్లు ఉన్నారుగానీ, ఫైలు దిగుమతిలో ఒక ఎంపిక మారిస్తే పోయే జబ్బు అది.

మిగతావన్నీ ఫొటో లోపాలే. రెండర్ మరీ శుభ్రంగా ఉంటుంది, అదే దాని లోపం. ఫొటోలో ఏ అంచూ ఒక్క పిక్సెల్‌లో తెగదు. లెన్సూ సెన్సరూ కలిసి దాన్ని రెండు మూడు పిక్సెళ్లకు పరుస్తాయి. చీకటి భాగాల్లో ఇసకరేణువుల్లా నాయిస్ ఉంటుంది. ముఖ్యంగా, ఫొటోలో నలుపు సాధారణంగా సున్నా కాదు. లెన్స్ లోపల చెదిరే వెలుతురు, గాల్లోని దుమ్ము కలిసి దాన్ని కొంచెం పైకి లేపుతాయి. రెండర్‌లో మూత కింద నీడ 0 దగ్గరుండి, ఫొటోలోని అతి నల్లని చోటు 14 దగ్గరుంటే బాటిల్ మూత ఫొటోకు చిల్లు పడ్డట్టు ఉంటుంది. మామూలుగా చూస్తే ఈ తేడా కనబడదు. అందుకే ఈ పనిలో పండినవాళ్లు బ్రైట్‌నెస్‌ను అసహజంగా పెంచి ఒకసారి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా ఒకసారి చూస్తారు. నాయిస్ తేడా తరచుగా నీలం ఛానెల్లో పట్టుబడుతుంది.

కొలిచి చేయాలా, కంటికి నప్పితే చాలా?

ఇంత లెక్క అవసరమా అన్నదాని మీద రెండు వాదాలున్నాయి, రెండింటికీ ఆధారాలున్నాయి.

లెక్క అక్కర్లేదనేవాళ్ల చేతిలో మంచి సాక్ష్యమే ఉంది. 2005లో యూరీ ఓస్ట్రోవ్‌స్కీ, ప్యాట్రిక్ కెవనా, పవన్ సిన్హా చేసిన పరిశోధనలో, ఒక దృశ్యంలో వస్తువుల మీద వెలుతురు వేర్వేరు దిక్కులనుంచి పడుతున్నా చూసేవాళ్లు దాన్ని సులువుగా గుర్తించలేకపోయారు. 2010లో హనీ ఫరీద్, మేరీ బ్రావో నీడలు, ప్రతిబింబాలు, పర్‌స్పెక్టివ్ వక్రీకరణల్లోని పొరపాట్లను పట్టుకోవడంలో మనిషి చూపు బలహీనమని చూపారు. కాబట్టి స్టీలు మీద కనబడే 320 డిగ్రీల ప్రపంచం నిజమైనదా, ఏదో స్టూడియోదా అని ఎవరూ సరిచూడరు. చక్కగా తీర్చిన రెండు తెల్లటి చారలు పడితే చాలు, పైగా వస్తువు అందంగా కనబడుతుంది. నిజమైన ప్రొడక్ట్ ఫొటోగ్రాఫర్లు కూడా తెల్ల అట్టలు నిలబెట్టి చేసేది అదే కదా!

కొలవాలనేవాళ్లు ఇంకోవైపునుంచి వస్తారు. చూసేవాళ్లు తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపలేకపోవడం వేరు, ఏదో తేడాగా ఉందని అనిపించకపోవడం వేరు. పైగా ఒక్క బొమ్మకు కంటి అంచనా సరిపోతుందిగానీ అదే గదిలో నలభై వస్తువులు పెట్టాలంటే ప్రతిసారీ కంటితో సర్దడంకన్నా ఒకసారి వెలుతురు కొలిచి పెట్టుకోవడం చవక. వీడియోలో అయితే కెమెరా కదిలేకొద్దీ ఊహలన్నీ బయటపడతాయి.

నాకు కనబడేదేమిటంటే ఈ ఇద్దరూ వేర్వేరు తప్పుల గురించి మాట్లాడుతున్నారు. దూరంగా ఉన్న రెండు వస్తువుల మీద వెలుతురు దిక్కును పోల్చడంలో కన్ను మందకొడి. పక్కపక్కన ఆనుకుని ఉన్న రెండు పిక్సెళ్ల తేడాలో మాత్రం చురుకు. బాటిల్ అడుగు, బాటిల్ అంచు, బాటిల్ పక్కనే ఉన్న నలుపు, ఇవన్నీ ఆ రెండో కోవలోవి. వెలుతురు దిక్కు పది డిగ్రీలు తప్పినా నిలబడిన కాంపోజిట్, అడుగున నల్లగీత లేకపోతే కుప్పకూలుతుంది. కెమెరా ఎత్తు మధ్యలో ఉంది: తేడా కొద్దిగా ఉంటే పర్వాలేదు, మూత పైభాగం కనబడాలా వద్దా అన్నది తారుమారైతే సాగదు.

ఏఐ వచ్చాక మారింది ఏమిటి

ఏఐ టూల్స్ ఈ సమస్యను వేరే దారిలో పట్టుకున్నాయి. కోట్ల ఫొటోలు చూసి, బల్ల మీద వస్తువుంటే దాని చుట్టూ ఏం ఉండాలో నేర్చుకున్నాయి. కాంటాక్ట్ షాడో, రంగు సర్దుబాటు, నున్నటి బల్ల మీద మసక ప్రతిబింబం లాంటివి, అంటే కన్ను చురుగ్గా పట్టేసేవన్నీ, చాలాసార్లు బాగానే వేస్తాయి. మామూలు సైజులో చూస్తే గంటల పనికి దీటుగా ఉంటుంది.

చిక్కు రెండు చోట్ల. రెండర్‌ను తప్పు ఎత్తునుంచి తీసి ఇస్తే కొన్ని టూల్స్ దాన్ని అలాగే ఉంచి చుట్టూ రంగు సర్దుతాయి. అప్పుడు పాత తగవే మిగులుతుంది. వస్తువునే మళ్లీ గీసే టూల్స్ కోణాన్ని సరిచేయగలవు, ఆ ఊపులో మూత గీతల సంఖ్య మారుతుంది, లేబుల్ మీది చిన్న అక్షరాలు అర్థంలేని గీతలవుతాయి, అంచు వంపు కాస్త జారుతుంది. ప్రకటన బొమ్మకు అది చిన్న లోపం కావచ్చు. అమ్మకం పేజీలో మాత్రం కొనేవాళ్ల చేతికి వచ్చేది బొమ్మలోని బాటిల్ కాదన్నమాట.

అందుకే ఇప్పుడు మధ్యేమార్గం ఒకటి వాడుకలోకి వస్తోంది. కోణం, ఆకారం 3డీ రెండర్‌వి. నీడ, రంగుల పొత్తు ఏఐవి. ఏఐ తిరిగి ఇచ్చిన చిత్రంలోంచి వెలుతురు మార్పును మాత్రం విడదీసుకుని, లేబుల్, గీతలు అసలు రెండర్‌లోంచి తెచ్చి మళ్లీ పైన పెడతారు. నీడ పడ్డ పక్క లేబుల్ తెలుపు ఎంత తగ్గాలో అప్పుడు చేత్తో సర్దుకోవాల్సి ఉంటుంది. అక్కడ మళ్లీ పాత ప్రశ్నే వస్తుంది: 200 ఉన్న తెలుపును 146కు దించాలా, 100కా?